బూడిదట్ట క్యాసెట్

తుఫాను వెళ్ళి అయిదు వారాలైనా మిల్లు కాలనీలో జనం పొద్దున్నే ముందు ఆకాశం చూసి, ఆ తరవాతే మొహం కడుక్కుంటున్నారు. ఆ ఆదివారం ఇమ్మానుయేలు కూడా వేపపుల్ల నోట్లో పెట్టుకుని పైకి చూశాడు. తూర్పున పల్చటి మబ్బు, చల్లారిన అంబలి మీద తరకలా, కదలకుండా ఉంది. పడమట కొండల మీద శుభ్రంగా ఉంది. వాన రాదు. ఆ శుభ్రంగా ఉన్న మేర మీదుగా రామచిలకల గుంపొకటి మొక్కజొన్న చేల వైపు పోయింది. చిలకలు అరవకుండా ఎగరవని అతనికి తెలుసు. అతనికి మాత్రం అవి గాలికి కొట్టుకుపోయే ఆకుల్లా చప్పుడు లేకుండా వెళ్ళిపోయాయి.

ప్రిస్కిల్లా వచ్చి ఎదురుగా నిలబడింది.

"మూడుపాల్లు పిలిసాను," అంది.

"ఇన్నాను."

"ఇన్నావు! రెండోపాలి నేను నిన్ను పిలవలేదు, పిల్లిని తిట్టాను."

ఇమ్మానుయేలు వేపపుల్ల నమిలాడు. భార్య పెదాలు కదిలితే అతనికి మాట అందుతుంది. జూట్ మిల్లులో, మగ్గాల మధ్య ముప్పై నాలుగేళ్ళు నిలబడినవాడు మాటను చెవితో వినడం ఎప్పుడో మానేస్తాడు, కంటితో వింటాడు. ఆ షెడ్డులో పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ చేతులకు ఒక భాష ఉండేది. పిడికిలి నుదుటికి ఆనిస్తే పని చేయించే సర్దారు వస్తున్నాడని. చిటికెనవేలు ఎత్తి ఊపితే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు అయిపోయింది, కొత్త నూలు కండె తెమ్మని. రెండు వేళ్ళు పెదాల మీద పెడితే బీడీకి వెళదామని.

చెవి ఒక్కసారిగా పోలేదు. మేడ మెట్లు దిగినట్టు పైనుంచి కిందికి పోయింది. ముందు కుక్కరు ఈల పోయింది. తరవాత పిట్టలు, సైకిలు బెల్లు, దోమ. ఆ తరవాత ఆడపిల్లల మాటల చివర్లు. కింద ఉన్నవి మిగిలాయి. లారీ, ఉరుము, తలుపు తట్టడం, చర్చిలో డోలు. అతను రిటైరై మూడేళ్ళయింది. చెవి సంగతి ప్రిస్కిల్లాకి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

"ఇయ్యాళైనా మా అన్నకి సెప్పీ," అందామె.

"సెప్తే?"

"సెప్తే ఏటి? కొడతాడేటి?"

"కొట్టడు. జాలి పడతాడు. జాలి పడ్డోడు పాట పెట్టీసి నా మొకం సూస్తాడు గాని, పాట ఇనడు. ఆదివారం పాడైపోద్ది."

ఆ నెలకో ఆదివారం కోసమే అతను మిగతా రోజులన్నీ నెట్టుకొస్తున్నాడని ప్రిస్కిల్లాకి తెలుసు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని చర్చికి బయల్దేరింది.

ఆదివారం కథ ఇది. ప్రిస్కిల్లా అన్న కృపానిధి చర్చిలో గిటారు వాయిస్తాడు. చిన్నప్పుడు మిషన్ కాంపౌండులో ఎవరో తెల్లదొర వదిలిపోయిన గిటారుతో నేర్చుకున్నాడు. నాలుగేళ్ళు మిల్లులో కరెంటు పని చేసి, మానేసి, రోడ్డు మీద రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే కొట్టు పెట్టాడు. ఆ కొట్లో, పాత చర్చి బెంచీల టేకు చెక్కతో తను కట్టుకున్న రెండు పెద్ద స్పీకరు పెట్టెలున్నాయి. వాటి ముందు కూర్చుని కృపానిధి, ఇమ్మానుయేలు, నాగబాబు, ఈ ముగ్గురూ ముప్పై ఏళ్ళుగా ఒకే ఒక బ్యాండు వింటున్నారు. కోల్డ్ ఫర్నేస్ దాని పేరు. జుట్టు పెంచుకున్న నలుగురు తెల్లవాళ్ళు. ఊళ్ళో జనం దాన్ని 'కృపానిధి కొట్టులో రోకళ్ళ దంపుడు' అంటారు.

వినడానికి ఒక కట్టుబాటు ఉంది. క్యాసెట్ తిరుగుతున్నంతసేపు ఎవరూ నోరెత్తకూడదు. సైడు అయిపోయాక ఒక్కొక్కరూ ఒక్క ముక్క చెప్పాలి. ఏ పాటలో ఏ చోట మనసు ఆగిందో, ఆ ఒక్కటే. చెప్పనివాడికి టీ లేదు.

చెవి పోయాక కూడా ఇమ్మానుయేలు ఆరేడేళ్ళు ముక్క తప్పకుండా చెప్పాడు. ఆ అయిదు క్యాసెట్లూ అతనికి లోపలే ఉన్నాయి. ఎక్కడ గిటారు లేస్తుందో, ఎక్కడ గొంతు చీలుతుందో, కళ్ళు మూసుకుంటే అన్నీ పాతవి వినిపించేవి. వాటినే చెప్పేవాడు. "బావ సెవి పాము సెవి," అని కృపానిధి మెచ్చుకునేవాడు కూడా.

తుఫాను ఆ అయిదింటినీ తీసుకుపోయింది. కొట్టు మీది రేకులు లేచిపోయి రెండు రోజుల వాన అరల మీదే కురిసింది. పట్టా కప్పి టేపు డెక్కునీ స్పీకరు పెట్టెల్నీ మాత్రం కాపాడుకున్న కృపానిధి, తడిసిన టేపులు విప్పి బట్టల తీగ మీద ఆరేశాడు. ఏదీ మళ్ళీ పాడలేదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు వేసే ఇనప ట్రంకు అడుగున ఉన్న ఆరోది ఒక్కటే పొడిగా దొరికింది. వెలివేశారు కాబట్టి బతికింది.

అది బూడిదట్ట క్యాసెట్. అట్ట మీద బ్యాండువాళ్ళ ఫొటో లేదు, నిప్పు లేదు, పుర్రె లేదు. బూడిద రంగు, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ. ఎనభై ఎనిమిదిలో, అప్పటికింకా మిల్లులో పనిచేస్తున్న నాగబాబు, విశాఖపట్నం వెళ్ళి వెతికి వెతికి కొనుక్కొచ్చాడు. ముగ్గురూ ఒక్కసారి విన్నారు. తీసి పక్కన పడేశారు. డూప్లికేటు కొనుక్కొచ్చాడని కృపానిధి అన్నాడు. ఆ రోజు నుంచి నాగబాబు పేరు 'బూడిదబాబు'. తరవాత మిల్లు మానేసి కళింగపట్నం వెళ్ళిపోయి, తాతల నాటి చేపల వ్యాపారంలో పడ్డా, ఆ పేరు బస్సెక్కి వెంట వస్తూనే ఉంది.

ఒక్కసారి విన్నది, అదీ ఇరవయ్యారేళ్ళ కిందట. ఇమ్మానుయేలు లోపల దాని ముక్క ఒక్కటీ లేదు, ఎందుకు నచ్చలేదో కూడా గుర్తులేదు.

చర్చి అయ్యాక అతను కొట్టుకి వెళ్ళేసరికి నాగబాబు అప్పటికే వచ్చి థర్మాకోలు పెట్టె దింపుతున్నాడు.

"కానాగంతలు," అన్నాడు. "తెల్లారి పడినవి. బస్సులో కండక్టరు ముక్కు మూసుకున్నాడు. రెండు సేపలిచ్చీసరికి ముక్కు తెరిసినాడు."

"ఒరే బూడిదబాబూ, ముందు సేతులు కడుక్కో. నా డెక్కు ముట్టుకుంటే దానికీ నీసు కంపొస్తాది," అన్నాడు కృపానిధి.

కృపానిధి కూతురు షీబా స్టూలు మీద కూర్చుని ఫోను చూస్తోంది. విజయనగరంలో ఇంజినీరింగు చదువుతోంది. ఈ గొడవంతా ఆ పిల్లే మొదలుపెట్టింది.

"మావయ్యా, ఇటు సూడు," అని ఇమ్మానుయేలు వైపు తిరిగి, కొంచెం గట్టిగా చదివింది. అతను పెదాలు పట్టుకున్నాడు. పై దేశంలో ఎవరో ఒకాయన ఈ బూడిదట్ట ఆల్బమ్ గురించి పెద్ద వ్యాసం రాశాడట. 'ఇది వచ్చిన నాటి నుంచి, ముప్పై అయిదేళ్ళుగా, మనం దీన్ని తప్పుగా విన్నాం' అన్నాడట. దాని కింద వందల మంది ఔనంటే ఔనని, మేమూ మళ్ళీ విన్నామని రాశారట.

"ఎవుడేనా రాస్తాడు," అన్నాడు కృపానిధి. "ఇంటర్నెట్టుకి డోరేటి, గొళ్ళేమేటి?"

"మరి ఫోన్లోనే పెట్టెయ్యనా నాన్నా? ఉన్నాది."

"ఫోన్లో పాటంటే అగ్గిపెట్టిలో తేలు. ఉండు."

నాగబాబు చేతులు తుడుచుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. నవ్వు లేదు.

"ఒక్క మాట," అన్నాడు. "ఇరవయ్యారేళ్ళు నన్ను అన్నారు, పడ్డాను. ఈపాలి నిజం సెప్పండి. బాగోదంటే బాగోదనండి. సాయంత్రం పట్టుకుపోయి సముద్రంలో పడేస్తాను, నాకూ మనసు తేలికవుద్ది. ఎటకారం మట్టుకు ఒద్దు."

కృపానిధి క్యాసెట్ డెక్కులో పెట్టి మీట నొక్కాడు.

ఇమ్మానుయేలు ఎప్పటిలాగే ఎడమవైపు పెట్టె పక్కన, చెక్కకి చెయ్యి ఆనించి కూర్చున్నాడు. చెప్పులు విప్పి పాదాలు నేలకి ఆనించాడు. వాళ్ళ దృష్టిలో అది అతని కూర్చునే తీరు, అంతే.

పాట మొదలైందని చేతికి తెలిసింది. చెక్క లోపల దబ్ దబ్‌మని ఏదో నడుస్తోంది. ఆ పైన ఉండాల్సిన గొంతూ గిటారూ ఏవీ లేవు. పైకప్పు లేచిపోయిన ఈ కొట్టులాగే, గోడలున్నాయి, పైన ఖాళీ. భయం వేసింది. వినడం మానేసి మొహాలు చూడడం మొదలుపెట్టాడు.

నాగబాబు తల వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. షీబా గోడకి చేరగిలబడింది. ఇమ్మానుయేలు చూడాల్సింది కృపానిధి ఎడమచెయ్యి. వాయించేవాడి చెయ్యి ఊరుకోదు. గిటారు పైకి లేచినప్పుడల్లా అతని వేళ్ళు మోకాలి మీద తీగలు నొక్కుతాయి. మొదటి పాట అయింది. ఆ చెయ్యి చచ్చిన చేపలా పడి ఉంది. రెండో పాట సగంలో వేళ్ళు లేచాయి. మోకాలి మీద చకచకా పరిగెత్తాయి, పైకెళ్ళాయి, ఒక చోట వణికాయి, దిగాయి. ఇమ్మానుయేలు గుండె కుదుటపడింది. దొరికింది ముక్క.

ఆ తరవాత అతనికి తీరిక దొరికింది. మూడో పాట, నాలుగో పాట చేతిలోంచి నడిచిపోతుంటే, ఎక్కడో తెలిసిన చోటికి వచ్చినట్టు అనిపించింది. పాదం దానంతటదే నేలమీద బరువు మార్చింది. మగ్గం ముందు నిలబడినవాడు మార్చినట్టు. ఎందుకో అనుకుని, వదిలేశాడు.

సైడు అయిపోయింది. మీట టక్కుమని లేచింది.

"నాగబాబూ, నీ క్యాసెట్. నువ్వే మొదట సెప్పు," అన్నాడు కృపానిధి.

"మూడో పాటలో గొంతు. ఆడు పాడతన్నట్టు నేదు. అలిసిపోయి ఇంటికొచ్చి, పెళ్ళాంతో మాట్లాడుతున్నట్టున్నాది. ఇదివరకు నాకది నచ్చలేదు. ఇప్పుడు నచ్చింది. వయసేమో."

"నాకింకా బురదలాగే ఉన్నాది," అన్నాడు కృపానిధి. "ఎవుడు రికార్డు చేసాడో గాని గిటారుని గోనెలో కట్టీసి మూల పెట్టాడు. నా ముక్క నేదు. నాకు టీ ఒద్దు. బావా, నువ్వు సెప్పు."

ఇమ్మానుయేలు కాళ్ళు సర్దుకున్నాడు.

"రెండో పాట మధ్యలో ఆ గిటారు సోలో. పైకెళ్ళి, ఒక్క సోట ఆగి వణికినాది సూడు. అది."

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడారేమో తనకు అందలేదేమోనని ముగ్గురి పెదాలూ చూశాడు. కదలడం లేదు. షీబా ఫోను ఒళ్ళో పెట్టేసింది.

నాగబాబు లేచాడు. మెడ మీద నరం ఉబ్బింది.

"ఎటకారం ఒద్దన్నాను," అన్నాడు. "ఆడంటే సరే, ఆడి నోరే అంత. నువ్వు కూడానేటి?"

"నానేటన్నాను?"

"అందులో సోలో నేదు! మొత్తం క్యాసెట్లోనే నేదు! అందుకే కదా ఇన్నాళ్ళూ నా మొకాన బూడిద పూసారు! నేని సోలో సెప్పి నవ్వుతావా?" డెక్కు తలుపు తీసి క్యాసెట్ లాగి లుంగీ మడతలో దోపుకున్నాడు. థర్మాకోలు పెట్టె కోసం వంగాడు. "సేపలు సెల్లెమ్మకి ఇచ్చీసి ఎల్తాను. ఇంక నాకు ఆదివారాలు ఒద్దు."

కృపానిధి మాత్రం నాగబాబును చూడడం లేదు. తన ఎడమచేతి వేళ్ళను చూసుకుంటున్నాడు. రెండో పాటలో గిటారు ఒంటరిగా రెచ్చిపోయే సోలో ఉండాల్సిన చోట ఉండకపోతే, ఓపిక పట్టలేక తన సోలో తను మోకాలి మీద వాయించుకున్నాడు. ఆ పైకెళ్ళడం, ఆ వణకడం తన వేళ్ళలో తప్ప ఎక్కడా లేవు.

"బావా," అన్నాడు మెల్లిగా. "నువ్వు ఇనలేదు. నా సెయ్యి సూసావు."

అన్నది చాలా మెల్లిగానే. కాని ఇమ్మానుయేలు పెదాలు చదివాడు.

నాగబాబు గుమ్మంలో ఉన్నాడు. ఇంకో అడుగు వేస్తే రోడ్డు. తను దాచుకున్నదాని బరువు వేరొకడి నెత్తిన పడుతోందని ఇమ్మానుయేలుకు తెలిసింది. మగ్గంలో ఒక పోగు తెగితే ఆపి ముడెయ్యాలి. చూడనట్టు నడిపిస్తే గుడ్డంతా చెడుతుంది.

"ఒరే, ఆగు," అన్నాడు. "నాను నవ్వలేదు. నాకు ఇనపడదు."

నాగబాబు వెనక్కి తిరిగాడు.

"పైవి ఇనపడవు. గిటారు నేదు, గొంతు నేదు. ఆరేడేళ్ళయింది. పాత క్యాసెట్లయితే కంఠతా ఉన్నాయి కాబట్టి సెప్పుకొచ్చాను. ఇది రాదు. అందుకని ఆడి సెయ్యి సూసి సెప్పీసాను. తప్పయిపోయింది."

షీబా కళ్ళు తుడుచుకుంది. ఇమ్మానుయేలు అటు చూడలేదు. నేల చూశాడు. ఇంక ఈ కొట్లో తన చోటు ఎలాంటిదో అతనికి తెలుసు. కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, గట్టిగా మాట్లాడతారు.

నాగబాబు పెట్టె కిందపెట్టి వచ్చి అతని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, పెదాలు కనపడేట్టు.

"ఏటీ ఇనపడలేదా? కొంచెం కూడా?"

"కింద ఇనపడతాది. దబ్బులు."

"మరి అదే సెప్పు. నీ ముక్క సెప్పు. ఆడి సేతిది ఒద్దు."

ఇమ్మానుయేలు ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఇన్నాళ్ళూ సులువుగా ఉంది. ఇది కష్టంగా ఉంది.

"నాలుగో పాటలో," అన్నాడు చివరికి, "ఆ డ్రమ్మోడు మగ్గం నడుపుతున్నాడు."

"ఏటి?"

"మగ్గమే. అటు దెబ్బ, ఇటు దెబ్బ. నాడె ఎళ్తాది, వస్తాది. సరిగ్గా నడుస్తాది. ఏడు దెబ్బలు బరువుగా పడతాయి. ఎనిమిదోది తేలిపోద్ది. కండె అయిపోయిన నాడె ఉత్తినే ఎళ్ళినప్పుడు సూడు, మగ్గం పెట్టికి తగుల్తాది గాని, బరువుండదు. అలగ. మనం తల తిప్పకుండానే తెలిసిపోయేది కాదేటి, నూలు అయిపోయినాదని? ప్రతీ ఎనిమిదికీ ఆడు అది సేస్తన్నాడు. కావాలనే. మగ్గం మనిషికి కాలి మడమలో తెలుస్తాది."

నాగబాబు లేచాడు. లుంగీ మడతలోంచి క్యాసెట్ తీసి కృపానిధికి ఇచ్చాడు.

కృపానిధి దాన్ని నాలుగో పాటకి తిప్పాడు. పై శబ్దాల్ని పలికించే ట్రెబుల్ మీటని పట్టుకుని సున్నా దాకా తిప్పేశాడు. తన స్టూలు ఎత్తి, ఇమ్మానుయేలుకు వీపు పెట్టి, కుడివైపు పెట్టె ముందు వేసుకున్నాడు. చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. నాగబాబు వచ్చి ఇమ్మానుయేలు చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టాడు. షీబా చెప్పులు విప్పి నేలమీద కూర్చుంది.

మీట నొక్కాడు.

ఏడు బరువు దెబ్బలు. ఎనిమిదోది తేలిపోయింది. మళ్ళీ ఏడు. ఇమ్మానుయేలు ఎవరి మొహమూ చూడలేదు. చూడాల్సిన పని లేదు. పక్కన నాగబాబు చిటికెనవేలు, ఎనిమిదో దెబ్బ దగ్గర, చెక్క మీదనుంచి చిన్నగా లేచింది. ఇరవై ఏళ్ళకు పైగా మగ్గం ముట్టుకోనివాడి వేలు. మళ్ళీ ఎనిమిదికి మళ్ళీ లేచింది. కృపానిధి వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. వింటున్నాడు.

పాట అయిపోయింది. కృపానిధి వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. అది అయిపోయాక ఇంకోసారి పెట్టాడు. ఆపి, అప్పుడు తిరిగాడు.

"సోలో నేదనుకున్నాను," అన్నాడు. "పాట పొడుగునా డ్రమ్మోడు కొడతన్నదే సోలో. గిటారు ఆడికి దారిచ్చి మూల నిలబడింది. ఇన్నాళ్ళూ నాను ఆ మూలకేసే సూస్తూ కూకున్నాను."

"బాగుందా, బాగోలేదా? నోటితో అను," అన్నాడు నాగబాబు.

"బాగున్నాదిరా."

"పేరెట్టి అను."

"బాగున్నాది, నాగబాబూ."

నాగబాబు క్యాసెట్‌ను లుంగీ అంచుతో తుడిచాడు. ఖాళీ కుర్చీ బొమ్మని కాసేపు చూసి, అరలో, అయిదు క్యాసెట్లూ ఉండే చోట, ఒంటరిగా నిలబెట్టాడు.

"మావయ్యా, నువ్వు సెప్పింది అక్కడ రాయనా?" అంది షీబా ఫోను చూపించి. "ఎవరూ ఇది రాయలేదు."

"రాయి. పేరు మట్టుకు ఒద్దు."

"మరేటని రాయను?"

ఇమ్మానుయేలు పాదాలు చెప్పుల్లోకి దూర్చాడు. "మగ్గం మనిషి సెప్పాడని రాయి."

ఒంటిగంట దాటాక ఇమ్మానుయేలు ఇంట్లో చాపలు పరిచారు. ప్రిస్కిల్లా కానాగంతల పులుసు చింతపండు బాగా పిసికి పెట్టింది. అన్న మొహం చూసి, భర్త మొహం చూసి, ఇద్దరికీ ఇంకో ముక్క వేసింది. కృపానిధి చిన్న ప్రార్థన చేశాడు. నాగబాబు కూడా తల వంచాడు, ఎప్పటిలాగే ఆమెన్‌కి ముందే ముద్ద కలిపేశాడు.

తింటున్నంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ముళ్ళు తీసుకునే చప్పుడు ఉండే ఉంటుంది. ఇమ్మానుయేలు దాన్ని వెతుక్కోలేదు. ఎవరి పెదాలూ కదలడం లేదు కాబట్టి ఎవరి మొహమూ చూడకుండా, చాలా రోజుల తరవాత, కంచంలోకి చూసుకుంటూ తిన్నాడు. పులుసులో కారం సరిపోయింది.

కాసేపటికి ఎదుటి కంచం మీదుగా ఏదో కదిలినట్టయి తలెత్తాడు. కంచంలో అన్నం అయిపోయిన నాగబాబు చిటికెనవేలు ఎత్తి ఊపుతున్నాడు. షీబా అర్థంకాక అటూ ఇటూ చూసింది. కృపానిధి అప్పటికే అన్నం గిన్నె ఇటు తోశాడు. ఇమ్మానుయేలు గరిటెడు అన్నం తీసి నాగబాబు కంచంలో పెట్టాడు.